నలుపు బాగా పడింది: ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ స్క్రీన్ ప్రింట్ రివ్యూ

‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ అనే పాత హారర్ సినిమా మీద వేసిన పోస్టరు ఇది. ముందు ధర చెప్పేస్తాను. 3,500 రూపాయలు. ప్యాకింగు, కొరియరు వేరే. 18 ఇంచీల వెడల్పు, 24 ఇంచీల పొడవు కాగితం మీద నాలుగు రంగులు, ఆపైన ఒక వార్నిష్, అంటే రంగు లేని మెరుపు పూత. కింద ఎడమ మూల పెన్సిలుతో 41/60 అని నంబరు (వేసిన 60లో 41వది అని), కుడి మూల బొమ్మ గీసినాయన సంతకం. బెంగళూరులో ఒక చిన్న స్టూడియో వాళ్ళు వేసింది. కొన్నది మా పెద్దోడు. వాడికి హారర్ సినిమాలంటే పిచ్చి, నాకు స్క్రీన్ ప్రింటింగ్ తప్ప వేరే విద్య రాదు. అందుకే తన రూముకు తెప్పించుకోకుండా నేరుగా తిరుపతికి, మా అంగడి అడ్రసుకు పంపించినాడు. “మా, డబ్బులైతే కట్టేసినా. ఇది నిజంగా స్క్రీన్ ప్రింటేనా, డిజిటల్లో కొట్టి నంబరేసి అమ్మేసినారా, నువ్వు చూసి చెప్పు” అని ఫోన్లో ఒకటే పోరు.

గాంధీ రోడ్డుకు ఆనుకున్న సందులో మాది పెండ్లి పత్రికల అంగడి. మా మామగారు ట్రెడిల్ మిషను మీద సీసం అక్షరాలు కూర్చి వేసేవారు. నేను కోడలిగా వచ్చేటప్పటికి ట్రెడిల్ మూలకు చేరి స్క్రీన్ ముందుకొచ్చింది. ఫ్రేముకు బోల్టింగ్ క్లాత్ అనే సన్న జాలి బిగించడం, వెలుతురుకు గట్టిపడే ఎమల్షన్ పూయడం, బొమ్మ ఉన్న ట్రేసింగ్ పెట్టి లైటుకు ఎక్స్‌పోజ్ చేయడం, నీళ్ళ ధారతో కడిగి అక్షరం తెరిపించడం, ఇంకును జాలిలోంచి కాగితం మీదికి దించే రబ్బరు పలక, అదే స్క్వీజీ, లాగడం, ఇవన్నీ మా ఆయన కంటే నా చేతికే బాగా లొంగినాయి. ఇప్పుడు సగం పని డిజిటల్‌కు పోయింది. అయినా ముదురు మెరూన్ అట్ట మీద బంగారు రంగులో “శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు” నిండుగా పడాలంటే ఈరోజుకూ స్క్రీనుకే రావాలి. కాబట్టి సినిమా గురించి నేను చెప్పేది మీరు పక్కన పెట్టినా సరే, ఇంకు గురించి చెప్పేది నమ్మొచ్చు.

పెద్దోడి అనుమానానికి జవాబు: నిజమైన స్క్రీన్ ప్రింటే. ట్యూబులోంచి తీసి బల్ల మీద పరిచిన వెంటనే చెప్పగలిగినా గానీ, వాడి తృప్తి కోసం భూతద్దం తెచ్చినాను. డిజిటల్ ప్రింటయితే భూతద్దం కింద నీలం, మెజెంటా, పసుపు, నలుపు సన్నటి తుంపరలు కనబడతాయి. అందులో బూడిద రంగు కూడా ఆ తుంపరలు కలిసి కంటికి కట్టిన నాటకమే. ఇక్కడ బూడిద అంటే బూడిదే, డబ్బాలో కలిపి జాలి మీద పోసిన ఇంకు. వంపు తిరిగిన గీతల అంచుల్లో జాలి దారం వదిలిన చిన్న చిన్న మెట్లు ఉన్నాయి. కాగితాన్ని కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుంటే ఒక రంగు మీద ఇంకో రంగు ఎక్కిన చోట గట్టు లేచి కనబడుతుంది, కండ్లు మూసుకుని వేలితో తడిమినా దొరుకుతుంది. కొనేవాళ్ళు ఇంట్లోనే చేసుకోగలిగిన పరీక్షలు ఇవి. మిషన్లూ వద్దు, నిపుణులూ వద్దు.

ముక్కు దగ్గర పెట్టుకున్నా వాసన లేదు. మేం పత్రికలకు వాడే సాల్వెంట్ ఇంకు ఆరినంక కూడా కొన్నాళ్ళు ఘాటు వదలదు. ఇది నీళ్ళ ఇంకు. నీళ్ళ ఇంకుతో ఇంత పెద్ద సైజు వేయడం మాటలు కాదు. మే నెలలో మా అంగట్లో నీళ్ళ ఇంకు పెట్టుకుంటే నాలుగు లాగేలోపే జాలి కండ్లు మూసుకుంటాయి. ఇంకు తొందరగా ఆరకుండా రిటార్డర్ కలపాలి, ప్రతి లాగు తర్వాత ఇంకును మళ్ళీ జాలి మీదికి పరిచి తడిగా ఉంచాలి, మధ్యలో ఫోనొచ్చినా ఎత్తకూడదు. ఈ ప్రింటులో సన్న గీతలు ఎక్కడా తెగలేదు. ఫోనెత్తని మనిషెవరో లాగినారు.

ఇంక బొమ్మ సంగతి. సినిమా చూడకుండా బొమ్మ గురించి మాట్లాడితే పెద్దోడు ఊరుకోడు, కాబట్టి చూసినాను. ఇంటర్నెట్లో ఉచితంగానే దొరుకుతుంది, దొంగ కాపీ కూడా కాదు. దాని వెనక ఒక కథ ఉంది. 1968లో అమెరికాలో పిట్స్‌బర్గ్ అనే ఊరి కుర్రాళ్ళు తీసిన సినిమా ఇది. జార్జ్ రొమేరో డైరెక్టరు, కెమెరా కూడా ఆయనే పట్టుకున్నాడు, ఎడిటింగూ ఆయనే. వాళ్ళది వ్యాపార ప్రకటనలు తీసి పొట్ట పోసుకునే చిన్న కంపెనీ. దాదాపు 1,14,000 డాలర్లతో, నలుపు తెలుపులో, కూలగొట్టబోతున్న ఒక పాత ఇంట్లో తీసినారు. మొదట పేరు ‘నైట్ ఆఫ్ ది ఫ్లెష్ ఈటర్స్’. పంపిణీదారు పేరు మార్చినప్పుడు టైటిల్ కార్డు కూడా మార్చినారు. పాత కార్డు మీదున్న కాపీరైట్ గుర్తు కొత్త కార్డు మీదికి ఎక్కలేదు. అప్పటి అమెరికా చట్టం ప్రకారం ఆ గుర్తు లేకుండా విడుదలైతే సినిమా జనం సొత్తయిపోతుంది. అంతే, ఎవురు పడితే వాళ్ళు ప్రింట్లు తీసుకున్నారు, క్యాసెట్లు వేసుకున్నారు, తీసినవాళ్ళకు రావాల్సింది రాలేదు. పత్రికలో ముహూర్తం లైను ఎగిరిపోయిన మాదిరి ఒక్క లైను ఎగిరిపోయింది. ప్రూఫు చూడటమే పనిగా పెట్టుకున్నదాన్ని, నాకు సినిమాలో దెయ్యాల కంటే ఈ సంగతే ఎక్కువ భయం పుట్టించింది.

ఈ స్టూడియో వాళ్ళు ఈ సినిమాను ఎంచుకోవడానికి కూడా అదే కారణమై ఉంటుంది. పెద్ద స్టూడియోల సినిమాల మీద పోస్టరు వేయాలంటే లైసెన్సు కొనాలి, ఆ ఖర్చు ధరలోకి ఎక్కుతుంది. దీనికి ఆ బాధ లేదు. ఆ మాట వాళ్ళు దాచలేదు, ప్రింటుతో పెట్టిన చిన్న చీటీలో రాసినారు. అది నాకు నచ్చింది.

కథ తెలియనివాళ్ళకు రెండు ముక్కల్లో: అన్నా చెల్లెలూ తండ్రి సమాధికి పూలు పెట్టడానికి పోతారు. అక్కడ చచ్చినవాడొకడు నడిచొచ్చి మీద పడతాడు. చెల్లెలు పరిగెత్తి ఒక పాత ఇంట్లో దూరుతుంది. బెన్ అనే మనిషి వచ్చి తలుపులూ బల్లలూ విరగ్గొట్టి కిటికీలకు చెక్కలు కొడతాడు. నేలమాళిగలో ఇంకొందరు దాక్కుని ఉంటారు. బయట శవాలు పెరుగుతా పోతాయి, లోపల మనుషులు పైనుండాలా కిందుండాలా అని కొట్టుకుంటా ఉంటారు. అత్తగారింట్లో ఉమ్మడి కాపురం చేసినవాళ్ళకు ఆ రెండో భాగం కొత్తేమీ కాదు.

బెన్ వేషం వేసిన డువేన్ జోన్స్ నల్లజాతి నటుడు. 1968లో, అందరూ తెల్లవాళ్ళున్న ఇంట్లో నల్లవాడు హీరోగా నిలబడి “నేను చెప్పినట్టు చేయండి” అనడం అక్కడ మామూలు విషయం కాదు. ఆ ఏడాది ఏప్రిల్లోనే మార్టిన్ లూథర్ కింగ్‌ను కాల్చి చంపినారు, సినిమా అక్టోబరులో వచ్చింది. ఆఖర్లో బెన్ గతి ఏమైందో తెలిసినవాళ్ళకు ఈ రెండు తేదీలు పక్కపక్కన చూస్తే ఎట్లుంటుందో వేరే చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళు ఈ పేరా తర్వాతి రెండు పేరాలు వదిలేసి ముందుకు పోండి.

బొమ్మ గీసినాయన ఈ సంగతిని బాగా పట్టుకున్నాడు. ప్రింటులో మధ్యన ఇల్లు, చెక్కలు కొట్టిన కిటికీ, చెక్కల సందుల్లోంచి లోపలికి దూరిన చేతులు. కిటికీ వెనక బెన్ ముఖం. బయట గుంపుగా ఉన్న శవాల ముఖాల్లో ఇంకే లేదు, ఒట్టి కాగితాన్ని వదిలేసినాడు, చుట్టూ నలుపు గీత మాత్రం. బెన్ ముఖంలో మటుకు రెండు బూడిద రంగులూ, నలుపూ, చుక్కల పనితనమంతా పెట్టినాడు. చెంప మీద వెలుతురు, నుదుట చెమట, కంటి కింద అలసట అన్నీ కనబడతాయి. మొత్తం కాగితంలో మనిషనేవాడు ఒక్కడే అని ఇంకుతోనే చెప్పినాడు. కింద పెద్దక్షరాలతో సినిమా పేరు లేదు. వార్నిష్‌తో, రంగు లేకుండా, వెలుతురు పడితేనే కనబడేట్టు వేసినాడు. అది కొంచెం అతి తెలివి అనిపించింది గానీ గోడకు తగిలించినంక అంత చెడ్డగా లేదు.

సినిమా అయిపోయేటప్పుడు కదిలే బొమ్మ ఆగిపోతుంది. పేపర్లో అచ్చయిన ఫోటోల మాదిరి గరుకు గరుకు నిశ్చల చిత్రాల మీద పేర్లు నడుస్తాయి. బెన్‌ను కొక్కేలతో ఈడ్చుకుపోయి కట్టెల మీద వేసేది ఆ ఫోటోల్లోనే. నా వృత్తి కంటికి అవి ఫోటోలుగా కనబడలేదు, చుక్కలతో కట్టిన బొమ్మగా, మా మాటలో హాఫ్‌టోన్‌గా కనబడినాయి. ఈ ప్రింటులో చుక్కల్ని కొలిస్తే అంగుళానికి 45 లైన్లు, అంటే 45 చుక్కల వరసలు, వచ్చింది. ఈ జాలికి అంతకంటే సన్న చుక్క సులభంగా పడుతుంది. కావాలనే ముతకగా పెట్టినాడు, దూరం నుంచి ముఖం, దగ్గరికి పోతే పాత పేపరు ఫోటో. పెద్దోడికి ఇది చెప్తే వాడు ఇంకోటి చెప్పినాడు: సిల్క్ స్క్రీన్‌ను పెయింటింగుల్లోకి తెచ్చి పేరు పొందిన ఆండీ వార్హోల్ పుట్టింది కూడా పిట్స్‌బర్గ్‌లోనే, 1928లో. 1962 నుంచి ఆయన పేపర్లలో వచ్చిన ఫోటోలనే జాలి మీదికి ఎక్కించి ప్రమాదాలూ చావులూ వేసినాడు. బొమ్మ గీసినాయన ఇదంతా ఆలోచించి చేసినాడో లేదో గానీ, సరైన సినిమాకు సరైన విద్య కుదిరింది.

రంగుల్లో నాలుగోది రక్తం రంగు. ఎర్రగా ఉండదు. చాక్లెట్ బ్రౌన్. మొదట చూసి ఇంకు తప్పు కలిపినారేమో అనుకునేవాళ్ళు ఉంటారు. నలుపు తెలుపు సినిమాలో ఎరుపు అక్కర్లేదు కదా, షూటింగులో రక్తానికి బదులు బాస్కో చాక్లెట్ సిరప్ పూసినారు. దాన్నే ఈయన ఇంకులో పెట్టినాడు. ఆ బ్రౌన్ మీద కూడా వార్నిష్ ఎక్కించి తడిగా, జిగటగా కనబడేట్టు చేసినాడు. మిగతా ఇంకంతా మెరుపు లేకుండా మ్యాట్‌గా ఉంటుంది కాబట్టి లైటు వేస్తే ఆ నాలుగైదు మరకలు మెరుస్తాయి. ఈ ప్రింటులో నాకు అన్నిటికంటే నచ్చిన ఆలోచన ఇదే.

నచ్చిన పనితనం మటుకు నలుపు.

నలుపు వేయడం తేలిక అనుకుంటారు జనం. మా పక్కన శ్రీకాళహస్తిలో కలంకారీ చేసేవాళ్ళను అడగండి. ఇనుప ముక్కలూ బెల్లమూ నీళ్ళలో వేసి రోజుల తరబడి ఊరబెడితే గానీ వాళ్ళ నల్ల రంగు తయారు కాదు, గుడ్డకు ముందే కరక్కాయా పాలూ పట్టించకపోతే అది నల్లగా తిరగదు. స్క్రీనులో వేరే రకం తిప్పలు. ఇంత పెద్ద ఖాళీలో ముద్దగా నలుపు పడాలంటే స్క్వీజీ మీద ఒత్తిడి మొదటి నుంచి చివరి దాకా ఒకటే ఉండాలి. చెయ్యి అలిసిన చోట ఇంకు పలచబడి చార కనబడుతుంది, జాలి మీద దుమ్ము కూర్చుంటే తెల్ల చుక్క మిగులుతుంది. దీంట్లో చారా లేదు, చుక్కా లేదు. ఇంకో తమాషా ఏమంటే నలుపు రెండు రకాలుగా ఉంది, ఇంకు ఒకటే అయినా. ఇంటి లోపలి చీకట్లో నలుపును రెండు బూడిద రంగుల మీద ఎక్కించినాడు, అది లోతుగా, బావిలోకి తొంగి చూసినట్టుంది. బయటి రాత్రిలో ఒట్టి కాగితం మీద వేసినాడు, అక్కడ కాగితం తెలుపు అడుగు నుంచి లేస్తా ఉంటుంది. లోపలి చీకటే ఎక్కువ భయంకరం అని దాని అర్థమేమో. నాకు తెలిసింది ఇంకు వరకే.

ఇప్పుడు తప్పులు. ఎడమ వైపు కిటికీలో పైనుంచి రెండో చెక్క చూడండి. ముదురు బూడిదకూ నలుపుకూ మధ్యన అర మిల్లీమీటరు తెల్ల గీత ఉంది. రిజిస్ట్రేషన్, అంటే ఒక రంగు పక్కన ఇంకో రంగు సరిగ్గా కూర్చోవడం, పక్కకు జరిగింది. లేత రంగును నలుపు కిందికి కొంచెం పొడిగించి వేస్తే ఇట్లాంటి జరుగుడు కప్పుకుపోతుంది, మిగతా అన్ని చోట్లా ఆ జాగ్రత్త తీసుకున్నారు, ఈ ఒక్క చెక్క దగ్గర మర్చిపోయినారు. ఆకాశంలో కుడి మూల చుక్కలూ జాలి దారాలూ ఒకదానితో ఒకటి తగాదా పడి అలల మాదిరి ఒక నీడ వచ్చింది. ట్రేసింగును కొంచెం కోణం తిప్పి ఎక్స్‌పోజ్ చేసి ఉంటే పోయేది. పెద్దోడు మెయిలు పెడితే స్టూడియో నుంచి “ఇది చేత్తో చేసిన వస్తువు, చిన్న తేడాలే దీని అందం” అని జవాబొచ్చింది. ఈ మాటకు నేను ఒప్పుకోను. చేత్తో చేసినందుకు ఒక్కో ప్రింటుకూ ఇంకు మందంలో రవంత తేడా ఉంటే అది అందం. కాగితం ఆనుకునే మూడు పిన్నులు సరిగ్గా కూర్చోకపోతే అది అందం కాదు. బంగారు బార్డరు అర మిల్లీమీటరు జరిగితే పెండ్లివాళ్ళు పత్రికల కట్ట తెచ్చి నా బల్ల మీద వేస్తారు, వాళ్ళకు నేను అందం గురించి చెప్పలేను.

కాగితం మంచిది. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు), నూలు కాగితం, మీగడ రంగు, అంచులు కత్తిరించకుండా వదిలినారు. ఇంకు ఐదు సార్లు ఎక్కినా ముడుచుకోలేదు.

అసలు పేచీ ‘లిమిటెడ్’ దగ్గర. 60 అని రాసినారు. మా పెద్దోడు కొన్న కొద్ది రోజులకే నల్ల కాగితం మీద వేసినవి 20 పెట్టినారు, ధర రెట్టింపు. ఆ తర్వాత చీకట్లో వెలిగే ఇంకుతో ఇంకో రకం త్వరలో వస్తుందని ప్రకటించినారు. బొమ్మ అదే, ట్రేసింగు అదే, జాలి అదే. ఇవి కాక ఆర్టిస్టు దగ్గర ఉంచుకునే ప్రతులు వేరే ఉంటాయి, వాటి మీద ఏపీ (ఆర్టిస్ట్స్ ప్రూఫ్) అని రాస్తారు, అది అన్ని చోట్లా ఉన్న ఆనవాయితీ, దాంతో నాకు గొడవ లేదు. గొడవ ఎక్కడంటే, 60లో ఒకటి నీది అని చెప్పి డబ్బు తీసుకున్నవాడు తర్వాత కాగితం మార్చి లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టడం. ఇట్ల చేయడం ఈ వ్యాపారంలో కొత్త కాదని పెద్దోడు అంటాడు, విదేశాల్లో పేరున్నవాళ్ళు కూడా చేస్తారంట. చేయనీ. ముందే చెప్పి చేయాలి.

నేనే స్టూడియోకు ఫోన్ చేసి అడిగినాను, “బాబూ, ఫ్రేములు కడిగేసినారా?” అని. ఆ పిల్లోడికి నేను ఎందుకడుగుతున్నానో వెంటనే అర్థమైంది, కొంచెం సేపు నీళ్ళు నమిలినాడు. “లేదాంటీ, ఆ వెలిగే ఎడిషన్ అయినంక కడిగేస్తాం” అన్నాడు. అబద్ధం చెప్పలేదు, అది వాడి మంచితనం. మా పనిలో పెండ్లి అయిపోయినంక ఆ పేర్లతో ఎవురికీ పని లేదు, సాయంత్రానికి బ్లీచింగ్ పౌడరు పూసి కడిగేస్తే జాలి మళ్ళీ ఖాళీ. అందుకని మేం వేసే ప్రతి పత్రికా లిమిటెడ్డే, నంబరు వేయకపోయినా. లిమిటెడ్ ఎడిషన్ కొనే ఎవరైనా సరే నంబరు ఎంత అని కాదు, స్క్రీన్లు ఏం చేసినారు అని అడగండి. కడిగేసిన ఫ్రేము ఫోటో పంపే స్టూడియోలు కూడా ఉన్నాయంట. వీళ్ళకు ఆ అలవాటు నేర్పాలి.

మళ్ళీ అమ్ముకుంటే ధర పెరుగుతుందని కొనేవాళ్ళకు నేను వద్దనే చెప్తాను. బొమ్మ కోసం కొనేవాళ్ళకు 3,500 న్యాయమైన ధరే. లెక్క వేసుకోండి: ఒక్కో కాగితం స్క్వీజీ కిందికి ఐదు సార్లు పోయింది. చేతికి 60 మంచివి రావాలంటే 70, 75 కాగితాలతో మొదలుపెట్టాలి, పాడైనవన్నీ నూలు కాగితాలే. ఐదు ఫ్రేములు, ప్రతి రంగుకూ ఆరబెట్టడం, మళ్ళీ పిన్నులకు ఆనించడం. దానికి తోడు బొమ్మ గీసిన మనిషి తిండి. నేనయితే ఈ పనికి తక్కువ చెప్పలేను.

ప్యాకింగులో కాగితానికి అన్యాయం చేసినారు. ట్యూబు అట్ట మందంగానే ఉంది గానీ వ్యాసం చాలా తక్కువ. 300 జీఎస్ఎం కాగితాన్ని అంత బిగించి చుడితే అది ఆ చుట్టునే గుర్తు పెట్టుకుంటుంది. కొరియరువాళ్ళు ట్యూబు ఒక కొన నొక్కేసినారు, లోపల చివర్న బబుల్ షీటు పెట్టి ఉండబట్టి మూల నలగలేదు. విప్పినంక బొమ్మ మీద పలచటి కాగితం పరిచి, పైన అట్ట, ఆ పైన మా పత్రికల కట్టలు పెట్టి రెండు రాత్రులు ఉంచితే చదునైంది. వేడి పెట్టొద్దు, ఇస్త్రీ పెట్టె అస్సలు వద్దు, వార్నిష్ అంటుకుంటుంది.

ఫ్రేము కట్టించడం ఇంకో పురాణం. తిరుపతిలో పటాలు కట్టేవాళ్ళకు కొదవ లేదు, గోవిందరాజస్వామి గుడి చుట్టూ తిరిగితే చాలు. అన్ని అంగళ్ళలోనూ వెంకటేశ్వరస్వామీ పద్మావతీదేవీ వరసగా నిలబడి ఉంటారు. నేను ఎప్పుడూ పోయే అంగడిలో కాగితం విప్పి చూపిస్తే ఆయన రెండడుగులు వెనక్కి పోయినాడు.

“ఏందక్కా ఇది? శవాలా? యాడ పెట్టుకుంటారు దీన్ని?”

“మా వాడి రూములోబ్బా. నువ్వు ఫ్రేము కట్టు.”

“కడతాలే. శుక్రవారం మటుకు ముట్టుకోను. లామినేషన్ కొట్టేద్దామా? నూరేండ్లుంటుంది.”

లామినేషన్ అనే మాట వినగానే నా గుండె జారింది. స్క్రీన్ ప్రింటుకు లామినేషన్ కొడితే ఇంకు గట్లూ మ్యాటూ మెరుపూ అన్నీ ప్లాస్టిక్ కింద ఒకటే అయిపోతాయి, 3,500 పెట్టి కొన్నది ఆ గట్ల కోసమే. బోర్డుకు బంకతో అంటించడమూ వద్దని చెప్పినాను. పైన రెండు చోట్ల పలచటి కాగితం పట్టీలతో వేలాడదీయమన్నాను, వానాకాలం తేమకు నూలు కాగితం సాగుతుంది, ఎండాకాలం కుంచించుకుంటుంది, దానికి కదలడానికి చోటుండాలి. అద్దం ఇంకుకు తగలకుండా మధ్యలో మౌంటు బోర్డు పెట్టాలి. మామూలు మౌంటు బోర్డు కొన్నేండ్లకు పసుపు పచ్చగా మారి కాగితాన్నీ మారుస్తుంది. యాసిడ్ లేని బోర్డు ఆయన దగ్గర లేదు, చెన్నై నుంచి తెప్పించినాడు. ఆయనకు ఆ గొడవ అంతా చాదస్తంగా కనబడింది గానీ పని మటుకు శుభ్రంగా చేసినాడు. చేసినంక పటాన్ని స్వాముల వైపు కాకుండా గోడ వైపు తిప్పి పెట్టినాడు. ఫ్రేముకు అయిన ఖర్చు ప్రింటు ధరలో సగం దాకా పోయింది, కొనేముందు ఇది కూడా లెక్కలో వేసుకోండి.

ఇంటికి తెచ్చినప్పుడు మా అత్త చూసింది. ఆమెకు ఎనభై దాటినా కంటి చూపు మా అందరికంటే మేలు. మేమందరం బెన్ ముఖాన్నీ చేతుల్నీ చూస్తా ఉంటే ఆమె కింద కుడి మూలకు వేలు పెట్టి, “ఈ ఆడబిడ్డ చేతిలో తాపీ ఏందే? ఇల్లు కడతాందా?” అనింది. నలుపులో నలుపుగా, వార్నిష్ మెరుపుతో మాత్రమే తెలిసేట్టు, మెట్ల దగ్గర తాపీ పట్టుకున్న పాప నీడ. సినిమాలో నేలమాళిగలో జ్వరంతో పడుకుని ఉంటుందే, ఆ కూపర్ వాళ్ళ కూతురు. తాపీతో ఏం చేస్తుందో ముసలామెకు చెప్పలేదు. “అవునత్తా, మేస్త్రీ కూతురు” అన్నాను. భూతద్దం పెట్టి గంట చూసిన నాకు కనబడనిది ఆమెకు కనబడింది.

ఎక్కడ తగిలించాలన్నది మీ ఇష్టం గానీ నేరుగా ఎండ పడే గోడ వద్దు. నలుపూ బూడిదా తట్టుకుంటాయి, బ్రౌన్ ఎన్నాళ్ళుంటుందో పూచీ ఇవ్వలేను. ఆ వెలిగే ఇంకు రకం గురించి పెద్దోడు ఊరిస్తా ఉన్నాడు. దాని జోలికి పోవద్దని చెప్పినాను. వెలిగే ఇంకు పొడి గింజలు లావుగా ఉంటాయి, వాటికోసం జాలి ముతకది వాడాలి, పైన ఒక పొర మందంగా కూర్చుంటుంది. ఈ నలుపు లోతంతా దాని కింద పడి పోతుంది. నల్ల కాగితం రకం నేను చూడలేదు కాబట్టి ఏమీ అనను.

మొత్తానికి హారర్ సినిమా అభిమానులు కొనొచ్చు. ఆ సినిమా చూడనివాళ్ళు కూడా స్క్రీన్ ప్రింటు అంటే ఏందో ఒక మంచి మచ్చు చేతిలో పట్టుకుని చూడాలనుకుంటే కొనొచ్చు. గోడకు రంగుగా ఏదో ఒకటి కావాలనుకునేవాళ్ళకు దీనికంటే తక్కువలో చాలా దొరుకుతాయి. ఆర్డరు పెట్టేటప్పుడు రెండు అడగండి. ఒకటి, ట్యూబులో చుట్టకుండా రెండు అట్టల మధ్య చదునుగా పంపమనండి. 250 అదనంగా తీసుకుంటారంట, ఇవ్వండి. రెండు, ఎడమ కిటికీ రెండో చెక్క ఫోటో తీసి పంపమనండి. అక్కడ తెల్ల గీత లేని ప్రింట్లు కూడా ఉన్నాయని ఆ పిల్లోడే చెప్పినాడు, అడిగినవాళ్ళకు అవే ఏరి ఇస్తాడు.